టీకా సంకోచం: కొలమానాలు, సామాజిక కారణాలు

నిర్వచనం

టీకా అందుబాటులో ఉన్నప్పటికీ దానిని వేయించుకోవడంలో జాప్యం చేయడాన్ని గాని, వేయించుకోవడానికి నిరాకరించడాన్ని గాని టీకా సంకోచం అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు టీకాల విషయంలో సలహాలిచ్చే నిపుణుల సంఘం 2012లో ఒక కార్యబృందాన్ని నియమించగా, ఆ బృందం 2014లో ఈ నిర్వచనాన్ని రూపొందించింది. ఇందులో ‘అందుబాటులో ఉన్నప్పటికీ’ అనే షరతు కీలకమైనది. ఉపకేంద్రానికి టీకా సీసాలు చేరకపోవడం వల్లనో, ఒక రోజు కూలి పోగొట్టుకుని పొరుగూరికి వెళ్లలేకపోవడం వల్లనో బిడ్డకు టీకా వేయించని తల్లిని సంకోచించేవారి లెక్కలో చేర్చరాదని దాని భావం.

సంకోచం ఉందా లేదా అని ఒక్క మాటలో తేల్చదగిన గుణం కాదు. అన్ని టీకాలనూ వేళకు వేయించేవారు ఒక కొసన, ఏ టీకాకైనా ససేమిరా అనేవారు మరో కొసన ఉంటే, నడుమ చాలామంది ఉంటారు; కొన్ని టీకాలు వేయించి కొన్నింటిని వదిలేసేవారు, బిడ్డ కాస్త పెద్దయ్యాక చూద్దామని వాయిదా వేసేవారు, వేళకే వేయించినా ఆ రాత్రి బిడ్డకు ఒళ్లు వెచ్చబడితే తప్పు చేశామేమోనని మథనపడేవారు ఈ కోవలోకి వస్తారు. పట్టుబట్టి నిరాకరించేవారు సాధారణంగా కొద్దిమందే కాబట్టి పరిశోధకులు ప్రధానంగా ఈ నడిమి వర్గాన్నే అధ్యయనం చేస్తారు. పోలియో చుక్కలను మారుమాట లేకుండా అంగీకరించే వ్యక్తే కొత్తగా వచ్చిన మరో టీకా దగ్గర ఆగిపోవచ్చు. సంకోచం టీకాను బట్టి, ప్రాంతాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతుందని కార్యబృందం ప్రత్యేకంగా పేర్కొన్నది ఇందుకే.

ఆ బృందం సంకోచానికి మూడు మూలాలను చూపింది. టీకా మీద, దానిని ఇచ్చే వ్యవస్థ మీద, దానిని నిర్ణయించే ప్రభుత్వం మీద ఉండే నమ్మకం మొదటిది. ఆ జబ్బు తమకు రాదులే, వచ్చినా ఏమీ కాదులే అనే నిశ్చింత రెండోది. టీకా దొరికే చోటు, వేళ, ఖర్చు, మాట్లాడే భాష మొదలైనవన్నీ కలిసిన సౌలభ్యం మూడోది. అందుబాటు లోపాన్ని నిర్వచనంలో గడప దాటనీయకుండా ఆపి, సౌలభ్యం పేరుతో దాన్నే దొడ్డిదారిన లోపలికి రానిచ్చారన్న విమర్శ అప్పటి నుంచీ ఉంది, అది న్యాయమైన విమర్శే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ చిక్కును విడదీసి, టీకా పట్ల ద్వైధీభావంతో గాని వ్యతిరేకతతో గాని ఉండే మానసిక స్థితికి మాత్రమే సంకోచం అనే మాటను పరిమితం చేసింది. టీకా తీసుకోకపోవడం ఒక ఫలితమనీ, సంకోచం దాని కారణాల్లో ఒకటి మాత్రమేననీ దీనితో స్పష్టమైంది.

పూర్వరంగం

ఈ మాట కొత్తదైనా విషయం టీకాలంత పాతది. ఇంగ్లండులో 1853 నాటి చట్టం శిశువులకు మశూచి టీకాను తప్పనిసరి చేయగా, జరిమానాల బరువు శ్రామిక కుటుంబాల మీద ఎక్కువగా పడి, వ్యతిరేకత ఉద్యమ రూపం దాల్చింది. 1885లో లెస్టర్ నగరంలో వేలాది మందితో పెద్ద ప్రదర్శన జరిగింది. ప్రభుత్వం నియమించిన రాయల్ కమిషన్ ఏళ్ల తరబడి విచారణ జరిపిన మీదట, మనస్సాక్షి అంగీకరించని తల్లిదండ్రులకు మినహాయింపునిచ్చే నిబంధన 1898లో చట్టంలోకి వచ్చింది. నాటి వాదాల్లో వైద్యపరమైన సందేహం ఎంత ఉందో, పేదవాడి బిడ్డ ఒంటి మీద ప్రభుత్వానికి హక్కేమిటన్న ప్రశ్న కూడా అంతే ఉంది.

భారతదేశంలో తొలి మశూచి టీకాను 1802 జూన్‌లో బొంబాయిలో మూడేళ్ల బాలిక ఆనా డస్ట్‌హాల్‌కు వేశారు. అప్పట్లో టీకా పొందిన ఒక బిడ్డ చేతి మీద లేచిన పొక్కు నుంచి రసి తీసి మరో బిడ్డ చేతికి ఎక్కించేవారు. కులం పట్టింపులున్న సమాజంలో ఎవరి బిడ్డ రసి ఎవరి బిడ్డ ఒంట్లోకి వెళుతుందన్నది చిన్న విషయం కాదు. మశూచిని అమ్మవారిగా భావించి, వేపమండలతో, చలువ ఆహారంతో ఆమెను శాంతింపజేసే ఆచారం ఉన్న తెలుగు ప్రాంతాల్లో టీకా అంటే వైద్యం మాత్రమే కాక, అమ్మవారి రాకపోకల్లో మనిషి జోక్యం కూడా. నాటి వలస పాలనా పత్రాలు ఇటువంటి వ్యతిరేకతను చాలావరకు మూఢనమ్మకం కింద జమకట్టి ఊరుకున్నాయి.

వ్యతిరేకులందరూ చదువులేనివారన్న ఊహ నిలవదని చెప్పడానికి బీసీజీ చరిత్ర చాలు. క్షయ నివారణకు ఉద్దేశించిన ఈ టీకాను దేశంలో 1948లో తొలిగా ప్రయోగించిన చోట్లలో నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె ఒకటి. కొన్నేళ్లకు ఇది దేశవ్యాప్త కార్యక్రమంగా విస్తరిస్తున్నప్పుడు, స్వతంత్ర భారత గవర్నర్ జనరల్‌గా, మద్రాసు ముఖ్యమంత్రిగా పనిచేసిన చక్రవర్తి రాజగోపాలాచారి (రాజాజీ) 1955లో సామూహిక బీసీజీని బాహాటంగా వ్యతిరేకిస్తూ పుస్తకమే ప్రచురించారు. ప్రయోజనం తగినంతగా రుజువు కాని దాన్ని కోట్ల మంది పిల్లలకు ఎలా ఇస్తారన్నది ఆయన ప్రశ్నల్లో ఒకటి. తరువాత 1968లో తమిళనాడులోని చెంగల్పట్టు ప్రాంతంలో మొదలైన భారీ పరీక్ష, ఊపిరితిత్తుల క్షయ నుంచి పెద్దలకు బీసీజీ రక్షణ ఇవ్వలేదని 1979 నాటికి తేల్చింది. పసిపిల్లల్లో మెదడు పొరలకు సోకే క్షయ వంటి తీవ్ర రూపాల నుంచి అది కాపాడుతుంది కాబట్టి నేటికీ పుట్టిన వెంటనే ఇస్తున్నారు. రాజాజీ వాదాలన్నీ సరైనవని దీని అర్థం కాదు; సందేహించడం, పొరబడటం ఒకటి కావని మాత్రం దీని నుంచి గ్రహించవచ్చు.

కొలిచే సాధనాలు

ఎందరు వేయించుకున్నారో లెక్కించడం అన్నిటికంటే పాత పద్ధతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 12 నుంచి 23 నెలల వయసులో ప్రాథమిక టీకాలన్నీ పూర్తయిన పిల్లలు 2015–16లో 62 శాతం కాగా, 2019–21లో 76.4 శాతం. ఏ ఒక్క టీకా చేరని పిల్లల్ని గుర్తించడానికి కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం నివారించే టీకా తొలి మోతాదు అందిందా లేదా అన్నది గీటురాయి. ఈ అంకెలు ఎందరు మిగిలిపోయారో చెబుతాయి గాని, ఎందుకు మిగిలిపోయారో చెప్పవు.

‘ఎందుకు’ అన్నదాన్ని వీధిలోనే నమోదు చేసిన పద్ధతి ఒకటి భారతదేశపు పోలియో కార్యక్రమంలో పుట్టింది. ఇంటింటికీ తిరిగే బృందాలు పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడ మీద సుద్దముక్కతో ‘పీ’ అనీ, ఎవరైనా మిగిలిపోతే ‘ఎక్స్’ అనీ రాసేవి. ఎక్స్ గుర్తు పక్కన కారణాన్ని తెలిపే మరో అక్షరం ఉండేది: తాళం వేసి ఉన్న ఇంటికి ఒకటి, బిడ్డకు జబ్బుగా ఉందన్న ఇంటికి ఒకటి, వద్దని చెప్పిన ఇంటికి ఇంకొకటి. అందుబాటు లోపాన్నీ సంకోచాన్నీ వేరు చేయడమనే పనిని, పరిశోధనా పత్రికలు నిర్వచనాల గురించి తర్జనభర్జనలు పడటానికి ముందే, సుద్దముక్క చేసి చూపింది. అయితే గట్టిగా కాదనడం ఇష్టం లేని తల్లి ‘పిల్లాడికి ఒంట్లో బాగోలేదు’ అనో, లేదంటే అసలు తలుపే తీయకనో బృందాన్ని సాగనంపవచ్చు. అప్పుడు ఆ ఇల్లు నిరాకరించిన ఇళ్ల లెక్కలోకి రాదు.

ప్రశ్నావళి ద్వారా మనసును కొలవడం రెండో మార్గం. ఒక్కో వాక్యాన్ని చదివి దానితో పూర్తిగా ఏకీభవిస్తారా, కొంతవరకా, అసలు ఏకీభవించరా అని అడిగి, జవాబులకు అంకెలిచ్చి కూడితే వచ్చేదాన్ని లైకర్ట్ కొలమానం అంటారు. అమెరికాలో డగ్లస్ ఓపెల్ బృందం 2011లో ప్రచురించిన 15 ప్రశ్నల పట్టిక చిన్నపిల్లల తల్లిదండ్రుల కోసం తయారైంది. దీనిలో సున్నా నుంచి 100 వరకు మార్కులుంటాయి, 50 గాని, అంతకు మించి గాని వస్తే సంకోచించేవారుగా లెక్క. ఎక్కువ మార్కులు వచ్చిన తల్లిదండ్రుల పిల్లలు 19 నెలల వయసుకు ఎక్కువ రోజులు టీకా లేకుండా గడిపినట్టు 2013లో తేలడం ఈ పట్టికకు బలం. కొలమానం చెప్పిన మాట తరువాతి ప్రవర్తనలో నిజమవడాన్ని పూర్వసూచనా ప్రామాణ్యత అంటారు. ఈ పరీక్షకు నిలబడిన పట్టికలు తక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యబృందం 2015లో వెలువరించిన పది ప్రశ్నల కొలమానం ఏ దేశంలోనైనా వాడుకోవడానికి ఉద్దేశించింది. 2018లో కెనడా తల్లిదండ్రుల మీద దీనిని పరీక్షించినప్పుడు, జవాబులు ఏవి వేటితో జట్టు కడుతున్నాయో చూసే గణాంక పద్ధతి అయిన కారక విశ్లేషణలో రెండే గుంపులు తేలాయి: నమ్మకం లేకపోవడం, ప్రమాద భయం. సిద్ధాంతంలో మూడు కాళ్ల మీద నిలిచిన భావన కొలతలో రెండింటి మీదే నిలిచిందన్నమాట. అదే ఏడాది జర్మనీలో కార్నెలియా బెట్ష్ బృందం నమ్మకం, నిశ్చింతలతో పాటు ఆచరణలోని అడ్డంకులు, లాభనష్టాల బేరీజు, ఇతరులను కాపాడాలన్న సామూహిక బాధ్యత అనే ఐదు కోణాలతో మరో కొలమానాన్ని తెచ్చింది. 2021లో దీనికి నిబంధనల పాలన, కుట్ర సిద్ధాంతాల పట్ల మొగ్గు చేరి కోణాలు ఏడయ్యాయి. లాభనష్టాలను ఎక్కువగా బేరీజు వేసుకునేవారు టీకాకు శత్రువులు కానక్కరలేదు, కానీ దొరికిన సమాచారం చెడ్డదైతే వారి నిర్ణయం కూడా చెడుతుంది. ఐదు కోణాల్లో ఆసక్తికరమైనది ఇదే.

మూడో రకం ప్రపంచవ్యాప్త అభిప్రాయ సేకరణ. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో హైడీ లార్సన్ 2010లో స్థాపించిన వ్యాక్సిన్ కాన్ఫిడెన్స్ ప్రాజెక్టు 2016లో 67 దేశాల్లో జరిపిన సర్వేలో, టీకాలు సురక్షితమన్న మాటతో ఏకీభవించనివారు ఫ్రాన్స్‌లో 41 శాతం ఉన్నారు. వెల్‌కమ్ ట్రస్టు 2018 సర్వేలో ప్రపంచం మొత్తం మీద 79 శాతం, దక్షిణాసియాలో 95 శాతం టీకాలను సురక్షితమని భావించారు. ఆస్పత్రులు మెరుగ్గా ఉన్న దేశాల్లో అనుమానం ఎక్కువగా, పోలియో, తట్టు కళ్ల ముందు ఉన్న దేశాల్లో తక్కువగా ఉండటం చూస్తే నిశ్చింత అన్న రెండో మూలానికి అర్థం తెలుస్తుంది.

కొలతలో చిక్కులు

ఇటువంటి అంకెలను ఉన్నవున్నట్టు తీసుకోవడానికి అనేక అడ్డంకులున్నాయి. సర్వే చేయడానికి వచ్చిన మనిషికి నచ్చే జవాబు చెప్పాలనే మొగ్గు వాటిలో ముఖ్యమైనది. తెలుగు పల్లెల్లో బుధ, శనివారాల్లో టీకాలు వేసే ఏఎన్‌ఎం గాని, ఇంటికి వచ్చి గుర్తుచేసే ఆశా కార్యకర్త గాని పలక పట్టుకుని ‘టీకాలు మంచివని పూర్తిగా ఏకీభవిస్తారా, కొంతవరకా’ అని అడిగితే, ‘మీకు తెలియందేముందమ్మా, మీరు చెప్పినట్టే’ అనే జవాబు వస్తుంది. అది పూర్తిగానో కొంతవరకో ఆమే నిర్ణయించి గుర్తు పెట్టాలి. ఇందులో మర్యాద ఉంది, రేపు మళ్లీ ఆమెతోనే పని ఉందన్న లౌక్యం ఉంది. టీకా మీద అభిప్రాయం ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. దక్షిణాసియాలో వచ్చే 95 శాతాల్లో ఈ మర్యాద పాలు కొంత ఉండవచ్చునని గుర్తుంచుకుంటే మంచిది. ఆ వాక్యాలు కూడా ఒక భాషలో పుట్టి మరో భాషలోకి వచ్చినవి కాబట్టి, ‘ఏకీభవించను’ వంటి పుస్తకాల మాట ముందు పెట్టినప్పుడు చాలామంది ‘అవును’ దగ్గరే ఆగుతారు.

పెద్ద సర్వే అయితే నిజానికి దగ్గరగా ఉంటుందన్న నమ్మకాన్ని 2021లో అమెరికా అనుభవం దెబ్బతీసింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఫేస్‌బుక్ ద్వారా వారానికి దాదాపు రెండున్నర లక్షల మందితో జరిపిన సర్వే, ఆ ఏడాది మే నాటికి కోవిడ్ టీకా తీసుకున్నవారి శాతాన్ని అసలు లెక్క కంటే 17 పాయింట్లు ఎక్కువగా చూపింది. అదే సమయంలో సుమారు వెయ్యి మందిని జాగ్రత్తగా ఎంచుకుని అడిగిన మరో సర్వే నిజానికి చాలా దగ్గరగా వచ్చింది. జవాబివ్వడానికి ముందుకొచ్చేవారు, రానివారు టీకా విషయంలో కూడా వేర్వేరు మనుషులైనప్పుడు, సంఖ్య పెరిగిన కొద్దీ తప్పు తగ్గదు. తప్పు మీద ధీమా మాత్రం పెరుగుతుంది. ఆ రెండున్నర లక్షల జవాబుల గణాంక విలువ, యాదృచ్ఛికంగా ఎంచిన పది మంది జవాబులకు మించదని 2021 చివర్లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన విశ్లేషణ లెక్కగట్టింది.

సామాజిక కారణాలు

వ్యక్తి మనసులో ఉందనుకునే సంకోచం చాలాసార్లు ఆ వ్యక్తికీ వ్యవస్థకూ మధ్య గడిచిన చరిత్రలో ఉంటుంది. 2002లో దేశంలో నమోదైన 1,600 పోలియో కేసుల్లో అత్యధికం ఉత్తరప్రదేశ్‌లోనివి. అక్కడి పశ్చిమ జిల్లాల ముస్లిం బస్తీల్లో చుక్కల మందు పిల్లలు పుట్టకుండా చేస్తుందన్న వదంతి బలంగా ఉండేది. ఎమర్జెన్సీ కాలంలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లను చూసిన ప్రాంతంలో ఆ వదంతి గాలిలోంచి పుట్టింది కాదు. జ్వరమొస్తే చూసే దిక్కు లేని బస్తీకి, మురుగు కాల్వ అడిగితే రాని బస్తీకి, చుక్కలు మాత్రం నెలనెలా గుమ్మంలోకి ఎందుకొస్తున్నాయన్న ప్రశ్న కూడా సహేతుకమైనదే. యూనిసెఫ్ ఆధ్వర్యంలో స్థానిక మహిళలనే సమన్వయకర్తలుగా నియమించడం, మతపెద్దల చేత మసీదుల్లో ప్రకటనలు చేయించడం, చుక్కలతో పాటు ఇతర వైద్య సేవలను అందించడం మొదలయ్యాక నిరాకరణలు తగ్గాయి. సహజ పోలియో వైరస్ వల్ల దేశంలో చివరి కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలో నమోదైంది.

నైజీరియాలోని కానో రాష్ట్రం 2003–04లో పోలియో టీకాను నెలల తరబడి నిలిపివేసినప్పుడు, ఒక బహుళజాతి ఔషధ సంస్థ 1996లో అక్కడి పిల్లల మీద జరిపిన మందు పరీక్ష, దాని మీద నడుస్తున్న అనుమతి వివాదం జనం జ్ఞాపకంలో తాజాగా ఉన్నాయి. ఆ విరామంలో నైజీరియా వైరస్ దాదాపు 20 దేశాలకు పాకింది. పాకిస్తాన్‌లోని అబ్బోటాబాద్‌లో ఒసామా బిన్ లాడెన్ ఆచూకీ కోసం అమెరికా గూఢచారి సంస్థ హెపటైటిస్ టీకా శిబిరాన్ని ముసుగుగా వాడుకున్నట్టు 2011లో బయటపడిన తరువాత, మతవాద పార్టీలకు ఎక్కువ మద్దతున్న జిల్లాల్లో పిల్లల టీకాలు 23 నుంచి 39 శాతం వరకు పడిపోయాయని ఆర్థికవేత్తలు అంచనా కట్టారు.

తెలుగు నేల మీద ఈ విషయాన్ని దగ్గరగా చూడదగిన ఉదంతం ఖమ్మం జిల్లాది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌ను నివారించే టీకాను 10–14 ఏళ్ల బాలికలకు ఇచ్చే ప్రదర్శక ప్రాజెక్టును పాథ్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి 2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో మొదలుపెట్టాయి. ఇలాంటిదే మరొకటి గుజరాత్‌లోని వడోదర జిల్లాలో జరిగింది. ఖమ్మంలో సుమారు 14 వేల మందికి టీకా అందగా, వారిలో చాలామంది ప్రభుత్వ హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు మరణించారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. మరణాలకు నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటివి కారణాలుగా కనిపించగా, వాటికి టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణ సంఘానికి ఆధారం దొరకలేదు. కానీ అనుమతి పత్రాల దగ్గర వ్యవహారం వేరుగా ఉంది. పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలుండగా, 2,763 మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో దీనిని తీవ్రంగా తప్పుబట్టింది.

కొలతల దృష్టితో చూస్తే ఈ ఉదంతంలో ఒక విచిత్రం ఉంది. 2009 చివర్లో ఎవరైనా భద్రాచలం హాస్టళ్లలో లెక్క తీసి ఉంటే టీకా అందినవారి శాతం చాలా ఎక్కువగా, నిరాకరణ దాదాపు సున్నాగా కనిపించేది, ఎందుకంటే నిరాకరించగలిగినవారిని అడగనే లేదు. అడగని చోట సంకోచం పట్టికలోకి ఎక్కదు. తరువాత వార్తగా, వదంతిగా, కోర్టు వ్యాజ్యంగా పైకి వస్తుంది. టీకాకు సంబంధం లేని మరణాల వల్ల టీకా మీద అనుమానం పాతుకుపోయి, జాతీయ కార్యక్రమంలో హెచ్‌పీవీ చేరిక ఏళ్ల తరబడి వెనక్కి పోయింది. తల్లిదండ్రులతో, ఉపాధ్యాయులతో, పత్రికలతో ముందుగా మాట్లాడి 2018లో ఇదే టీకాను ప్రారంభించిన సిక్కింలో తొలి మోతాదు 97 శాతం మంది బాలికలకు అందింది. కాకతాళీయమైన మరో పరిణామం కూడా చెప్పుకోవాలి. 2010లో ప్రభుత్వం దేశంలోని హెచ్‌పీవీ పరీక్షలన్నిటినీ ఆపించినప్పుడు, వేరుగా జరుగుతున్న ఒక పరీక్షలో వేలాది బాలికలు ఒకే మోతాదుతో ఆగిపోయారు. వారిని పదేళ్లు గమనించగా ఆ ఒక్క మోతాదే గట్టి రక్షణ ఇస్తున్నట్టు 2021లో తేలింది. ఒక్క మోతాదు చాలునన్న నేటి అంతర్జాతీయ సిఫారసుకు ఆధారాల్లో ఇదొకటి.

చదువు, ఆదాయాల ప్రభావం ఒకే దిశలో ఉండదు. పేద కుటుంబాల్లో టీకా తప్పిపోవడానికి దూరం, కూలి, వలస కారణాలైతే, చదువుకున్న కుటుంబాల్లో సహజ జీవనం మీద మమకారం, సొంత పరిశోధన మీద నమ్మకం కారణాలవుతాయి. అక్షరాస్యతలో ముందున్న కేరళలోనే మలప్పురం జిల్లాలో 2015–16లో కంఠసర్పి తిరిగి తలెత్తగా, 2017లో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం ఆ జిల్లాలో అతికష్టం మీద సాగింది. ఆ ఏడాదే తమిళనాడులో వాట్సాప్ సందేశాలు తల్లిదండ్రులను బడుల గేట్ల దాకా పరుగెత్తించాయి. స్త్రీల స్థితి మరో కారణం: బిడ్డను కేంద్రానికి తీసుకెళ్లేది తల్లే అయినా అనుమతి భర్తదో అత్తగారిదో కావచ్చు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 ప్రశ్నావళిలో, టీకాకు వెళ్లాలంటే తల్లి ఇంకొకరిని అడగాలా అన్న ప్రశ్నను చేర్చారు. ఆలోచనలూ భావాలూ, సామాజిక ప్రక్రియలు, సుముఖత, ఆచరణలోని ఇబ్బందులు అనే నాలుగు భాగాలున్న ఈ చట్రం, కొలమానాల దృష్టిని వ్యక్తి బుర్ర మీద నుంచి ఇంటి మీదికి, వీధి మీదికి మళ్లించింది.

సంకోచం సమానంగా పరుచుకోకుండా గుంపులుగా ఉండటం వల్ల సగటు అంకెలు మోసం చేస్తాయి. తట్టు సోకిన ఒక మనిషి రక్షణ లేని సమాజంలో 12 నుంచి 18 మందికి అంటించగలడు కాబట్టి, దానిని ఆపాలంటే 95 శాతం మందికి రక్షణ కావాలి. అమెరికాలోని మిన్నెసోటాలో సోమాలీ కుటుంబాల పిల్లల్లో తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా 2004లో 92 శాతం ఉండగా 2014 నాటికి 42 శాతానికి జారింది. ఆటిజం భయంతో ఉన్న ఆ తల్లిదండ్రులను టీకా వ్యతిరేక ప్రచారకులు వెతుక్కుంటూ వెళ్లారు. ఆ భయానికి ఆధారమైన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పత్రం 1998లో 12 మంది పిల్లల మీద రాసింది. ‘లాన్సెట్’ పత్రిక దానిని 2010లోనే ఉపసంహరించింది. రాష్ట్ర సగటు ఏమంత చెడ్డగా లేకపోయినా, 2017లో అక్కడ 75 మందికి తట్టు సోకగా ఎక్కువమంది ఈ సమాజం వారే.

నమ్మకం ఎంత వేగంగా కూలుతుందో ఫిలిప్పీన్స్ చూపింది. డెంగీ టీకా అంతకుముందు డెంగీ సోకని పిల్లల్లో జబ్బును తీవ్రం చేయవచ్చునని తయారీ సంస్థ 2017 నవంబరులో ప్రకటించింది. టీకాలు సురక్షితమని గట్టిగా నమ్మేవారు అక్కడ 2015లో 82 శాతం ఉండగా, 2018లో 21 శాతానికి పడిపోయారు. అనుమానం డెంగీ టీకాతో ఆగక తట్టు టీకాకు కూడా పాకింది.

కోవిడ్ కాలం

భారతదేశంలో కోవిడ్ టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ తయారుచేసిన కొవాగ్జిన్‌కు మూడో దశ పరీక్షల సామర్థ్య ఫలితాలు రాకముందే అనుమతి లభించడంతో, మొదటి వారాల్లో వెనకాడినవారిలో వైద్యులు, నర్సులు కూడా ఉన్నారు. ఏప్రిల్, మే నెలల్లో రెండో అల ముంచుకొచ్చాక తెల్లవారుజాము నుంచే వరుసలు కట్టి, టీకా దొరక్క వెనుదిరిగిన జనం వేరే దేశం నుంచి వచ్చినవారేమీ కాదు. పది అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లో జరిగిన సర్వేల్లో కోవిడ్ టీకాకు సగటున 80 శాతం సుముఖత కనిపించగా అమెరికాలో 65, రష్యాలో 30 శాతమే కనిపించింది. ఎవరినీ బలవంతంగా టీకా తీసుకునేలా చేయరాదని సుప్రీంకోర్టు 2022 మేలో తీర్పు చెప్పింది. మహమ్మారి తరువాత, యూనిసెఫ్ 2023 నివేదిక పరిశీలించిన 55 దేశాల్లో 52 దేశాల్లో పిల్లల టీకాల ప్రాధాన్యం మీద నమ్మకం తగ్గగా, భారత్, చైనా, మెక్సికోల్లో నిలకడగా ఉండటమో పెరగడమో జరిగింది.

కొలత నుంచి ఆచరణకు

మనసు మార్చడం కంటే దారి సుగమం చేయడమే ఎక్కువ ఫలితమిస్తుందని, అమెరికాలో నోయెల్ బ్రూవర్ బృందం 2017లో అందుబాటులోని ప్రయోగాలను సమీక్షించి అభిప్రాయపడింది. రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు జరిపి 2010లో ప్రచురించిన ప్రయోగం దీనికి ఉదాహరణ. మామూలు గ్రామాల్లో పిల్లలకు టీకాలన్నీ పూర్తయినది 6 శాతం మాత్రమే కాగా, నెలనెలా తప్పకుండా శిబిరం జరిగిన గ్రామాల్లో అది 18 శాతానికి, శిబిరంతో పాటు టీకాకు కిలో పప్పు, చివర్లో భోజనం పళ్లేలు ఇచ్చిన గ్రామాల్లో 39 శాతానికి చేరింది. గట్టి వ్యతిరేకత కిలో పప్పుకు లొంగదు కాబట్టి, అక్కడ అడ్డుపడింది చాలావరకు బద్ధకం, వాయిదా, కేంద్రం తెరిచి ఉంటుందో లేదో తెలియని అనిశ్చితి అనుకోవాలి. అయినా 61 శాతం మిగిలిపోయారు.

హర్యానాలో ఇదే పరిశోధకులు మరో పద్ధతి ప్రయత్నించారు. ఊళ్లో ఏ మాటనైనా నలుగురికీ చేరవేయగలవారు ఎవరని గ్రామస్థులనే అడిగి, వారు చెప్పిన మనుషుల ఫోన్లకు టీకా శిబిరాల గురించి సందేశాలు పంపారు. ఊరు చూపించిన మనుషులకు సందేశాలు వెళ్లిన గ్రామాల్లో, యాదృచ్ఛికంగా ఎంచినవారికి వెళ్లిన గ్రామాల కంటే ఎక్కువమంది పిల్లలు శిబిరానికి వచ్చారు.